ఆపరేషన్ చేసిన కుక్కను మళ్ళీ మన వీధిలోనే ఎందుకు వదలాలి?

కాలనీ కార్యదర్శి:
హైదరాబాద్‌లోని మా కాలనీ సంఘంలో తెగని పంచాయితీ ఇది. మునిసిపాలిటీ బండి వస్తుంది, కుక్కల్ని పట్టుకెళ్తుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేసి మళ్ళీ అదే సందులో దించిపోతుంది. ఎలాగూ పట్టుకున్నారు కదా, ఊరి బయట వదిలేస్తే ఏం పోయింది? మా వాళ్ళలో సగం మంది చందాలేసుకుని ప్రైవేటుగా పట్టిద్దామంటున్నారు. విషయం తెలిసినవాళ్ళు చెప్పండి.

పశువైద్యం_ఓరుగల్లు:
ఊరి బయట అంటే ఇంకో ఊరి లోపలే కదండీ.

కుక్క ఉండేది తిండిని బట్టి. చికెన్ షాపు వెనక పడేసే పేగులు, ఫంక్షన్ హాలు ఎంగిలాకులు, మూత లేని చెత్తకుండీ ఇవి మూడూ అలాగే ఉంచి ఉన్న కుక్కల్ని తీసేస్తే, కొద్దికాలంలోనే పక్క వీధి కుక్కలు దిగుతాయి. వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా కూడా ఉండదు. పైగా హద్దుల కోసం కొట్లాటలు. ఆపరేషన్, టీకా అయిన పాత కుక్క అక్కడే ఉంటే కొత్తదాన్ని అదే తరిమేస్తుంది.

ఆడకుక్క మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. చూలు సుమారు 63 రోజులు. ఎదకొచ్చినప్పుడు దాని వెంటపడే మగకుక్కల గుంపు, ఈనాక పిల్లల దగ్గరికెవరొచ్చినా మీదపడే తల్లి, వీధిలో కాట్లకు ఈ రెండూ పెద్ద కారణాలు. ఆడవాటికి గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఈ రెండూ పోతాయి. ఆపరేషన్ అయిందో లేదో చెవి చూస్తే తెలుస్తుంది: అంచున 'వి' ఆకారంలో కోత ఉంటుంది.

వార్డు_మనిషి:
డాక్టరుగారు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. లెక్క దగ్గరే తేడా కొడుతోంది. ఒక వార్డులో 100 ఆడకుక్కలున్నాయనుకోండి. ఏడాదిలో 40కి ఆపరేషన్లు చేశారు. మిగతా 60, రెండేసి ఈతలు, ఈతకు నాలుగేసి పిల్లలు: 480. నాలుగింట మూడొంతులు చచ్చిపోయినా 120 మిగులుతాయి. అంటే 40 ఆపి 120 కన్నాం. బిల్లులో మాత్రం 40 ఆపరేషన్లు కనపడతాయి!

ఇంకోటి. కుక్కకింత అని డబ్బు కట్టిస్తే పట్టేవాళ్ళు ఏవి పడతారు? బిస్కెట్ చూపిస్తే తోకాడిస్తూ వచ్చేవాటిని. మనిషిని చూస్తే పళ్ళు బయటపెట్టేది, కారు కింద దూరేది వలకు చిక్కదు. కరిచేవి అవే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో చిన్నపిల్లాడు కుక్కల దాడిలో చనిపోయాడు. అలాంటి ఘోరం జరిగినప్పుడు బళ్ళు తిరుగుతాయి, తర్వాత మళ్ళీ మామూలే. వదలడం గురించి వాదన తర్వాత, పట్టడమే సరిగ్గా జరగట్లేదు.

ప్లీడరు:
కార్యదర్శిగారూ, చందాల ఆలోచన ముందు మానుకోండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టిన చోటే వదలాలి. పట్టేటప్పుడు నంబరున్న మెడపట్టీ వేసి, ఏ చోట పట్టారో రాసుకోవాలి. ఇనుప పటకార్లు, తీగ ఉచ్చులు వాడకూడదు. మీరు పెట్టిన ప్రైవేటు మనిషి విషం పెట్టాడో, కాలు విరగ్గొట్టాడో, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న మార్చింది: ఆపరేషన్, టీకా అయినవాటిని పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, అనుమానమున్నవి, మీదపడే స్వభావమున్నవి తప్ప. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దని, విడిగా చోట్లు చూపించమని కూడా అంది. నవంబర్ 7 ఉత్తర్వు బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల గురించి. అక్కడ పట్టినవాటిని మళ్ళీ అక్కడ వదలకూడదు. కాబట్టి మీ కాలనీలో బడి ఉంటే ఆ ఆవరణ వరకు అడగొచ్చు. వీధికి అది వర్తించదు.

కాలనీ కార్యదర్శి:
సరే. మరి పెంపుడు కుక్కల వాళ్ళ సంగతేంటి? తెల్లారగానే గేటు తీసి వదిలేస్తారు. అది ఎవరింటి ముందో పని కానిచ్చుకుని, వీధి కుక్కలతో తిరిగి వస్తుంది. కొందరైతే జబ్బు చేయగానే రోడ్డు మీద వదిలేసి ఇల్లు మారిపోతున్నారు.

పశువైద్యం_ఓరుగల్లు:
ఆ గేటు తీయడమే అసలు తప్పు. ఆపరేషన్ కాని పెంపుడు మగకుక్క ఒక్కటి చాలు, వీధిలో మిగిలిన ఆడకుక్కల్ని చూలు చేయడానికి. మునిసిపాలిటీ పట్టీ ఉన్న కుక్కను ముట్టుకోదు, యజమానేమో ఆపరేషన్ చేయించడు. యజమాని చేయాల్సింది ఇంతే: మూడో నెలలో రేబిస్ టీకా, డాక్టరు చెప్పినప్పుడు బూస్టర్, ఆపైన ఏటా. బయటికి తీస్తే నాలుగైదు అడుగుల తాడు. సాగే తాడు లిఫ్టులో, మెట్ల మీద పనికిరాదు, బటన్ నొక్కేలోపే కుక్క ఎదుటివాళ్ళ మీద ఉంటుంది. ఈనించే ఉద్దేశం లేకపోతే ఆపరేషన్. ఇక మలం, ఎవరిది వాళ్ళే సంచిలో ఎత్తాలి, దీనికి చర్చ కూడా అనవసరం.

ప్లీడరు:
వదిలేసి పోవడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు! నవ్వొస్తుంది కదా. కరిస్తే మాత్రం కథ వేరు. కుక్కను అదుపులో పెట్టడంలో అజాగ్రత్తగా ఉంటే న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

బిస్కెట్_ప్యాకెట్:
తిండి పెట్టేవాళ్ళను అందరూ తిడతారు గానీ, వార్డుగారు చెప్పిన ఆ బెదురు కుక్క మా చేతికే వస్తుంది. రోజూ ఒకే చోట, ఒకే వేళకు పెడితే అన్నీ అక్కడికి చేరతాయి. బండిని ఆ వేళకు రప్పిస్తే మొత్తం గుంపు దొరుకుతుంది. చోటు మాత్రం పిల్లలాడుకునే చోటికి, మెట్లకు, గేటుకు దూరంగా ఉండాలి. నిబంధనల్లో ఉన్నదే.

పశువైద్యం_ఓరుగల్లు:
నిజమే. కానీ పట్టే రోజు ఎరకు సరిపడా మాత్రమే పెట్టండి. కడుపునిండా ఉన్న కుక్కకు మత్తిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలిచ్చే తల్లిని పట్టనివ్వకండి, పిల్లలు చచ్చిపోతాయి.

వార్డు_మనిషి:
ఆమాట ఒప్పుకుంటా. అయినా ఒకసారి వదిలాక ఏటా రేబిస్ టీకా ఎవరేస్తున్నారు? 70 శాతం కుక్కలకు టీకా ఉంటే రేబిస్ ఆగుతుందంటారు. చెవి కోత కిందటేడాది టీకాకు గుర్తు, ఈ ఏడాదికి కాదు.

బిస్కెట్_ప్యాకెట్:
అందుకే వేసిన తేదీ ప్రకారం కాలనీలోనే జాబితా ఉండాలి. కుక్క రంగు, మగదా ఆడదా, చెవి కోత ఉందా, టీకా తేదీ. ఒక పేజీ చాలు.

కాలనీ కార్యదర్శి:
ఇంకొక్కటి. నిన్న ఒక పిల్లాడిని పెంపుడు కుక్క కరిచింది. టీకా కార్డు చూపించి ఏం ఫర్వాలేదంటున్నారు.

పశువైద్యం_ఓరుగల్లు:
కార్డు చూసి ఆగకండి. సబ్బు, ధారగా నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి, నిన్న కడక్కపోతే ఇప్పుడైనా. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. ఈరోజే ఆసుపత్రికి పంపండి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం ఎప్పుడో పోయింది. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు) కూడా కావాలి, అది గాయంలోకే వేస్తారు, మొదటి టీకా తర్వాత ఏడు రోజులు దాటితే ఇవ్వరు. కుక్కను పది రోజులు కట్టేసి చూడాలి, కానీ ఆ పది రోజులు గడిచాక చూద్దామని టీకా ఆపకూడదు.