ఆటో స్టార్టర్ రైతు ఇంగితాన్ని తినేస్తున్నదా?

మునుగోడు రైతుబిడ్డ:
2018 జనవరి 1 నుంచి తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరంటు వచ్చింది. కరంటు రాంగనే బోరు మోటరును దానంతటదే నడిపే డబ్బాలు, ఆటో స్టార్టర్లు, తీసేయమని అప్పట్లనే సర్కారు చెప్పింది. మా ఊర్ల చానామంది తీయలే, నేను గూడ తీయలే. ఇప్పుడంటున్న: ఆ డబ్బా మనిషిని పాడు చేస్తున్నది. మా నాయిన మడిల కాలు పెట్టి, బురద వేళ్ల సందున ఎట్ల జారుతదో చూసి తడి కావాల్నో వద్దో చెప్పేటోడు. నేను మడి మొఖం చూడక నాలుగు రోజులైతది, మోటరు మాత్రం నడుస్తనే ఉంటది. పోయిన యాసంగిల పక్క గెట్టు పెదనాయిన బోరు వట్టిపోయింది. ఆయన నన్నొక్క మాట అనలే. గదే నాకు నిద్ర పట్టనిస్తలేదు.

కల్వకుర్తి అక్క:
తమ్మీ, ఆ డబ్బా ఎందుకొచ్చిందో యాది చేసుకో. కరంటు విడతలుగ, అర్ధరాత్రి వస్తుండె. చీకట్ల బాయికాడికి పోయి పాము కరిచి, షాక్ కొట్టి మా చుట్టుపక్కల ఎంతమంది పోయిండ్రో. మా చిన్నమామ గట్లనే పోయిండు. బతికించిన డబ్బాను తిడితే నేనొప్పుకోను.

మునుగోడు రైతుబిడ్డ:
నిజమే అక్కా. కానీ ఆ రాత్రులు పోయినయి, డబ్బా పోలే. కరంటొస్తే నడుసుడే దానికి తెలుసు. నీళ్లు చాలినయా అని ఆగి అడిగే జాగ అందుల పెట్టనే లే. అడిగేటోడు లేకుంటే నేను గూడ అడుగుడు మర్సిపోయిన.

దేవరకొండ పాత రైతు:
మనది గ్రానైటు నేల, నీళ్లుండేది రాతి పగుళ్లల్ల. ఒకే పగులు మీద రెండు బోర్లుంటే ఒకరు తోడినకొద్ది ఇంకొకరికి తగ్గుతది. ఇంగితం నేర్పే పనిముట్టు గూడ ఉన్నది బిడ్డా: రంధ్రాలు పెట్టిన పైపు ముక్క మడిల పాతు. లోపల నీళ్లు మడి మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినంకనే తడి పెట్టు. పూత సమయంల మాత్రం మడిల నీళ్లుండాలె. రెండు పంటలు పైపుల తొంగి చూసినంక నాకు గెట్టు మీదికెళ్లే తెలుస్తున్నది.

కల్వకుర్తి అక్క:
పైపు మంచిదే. కానీ మడిల వంగేది ఎవరు? నాటేసేది, కలుపు తీసేది మేము. నీళ్లు ఎక్కువైనయని మాకు ముందు తెలుస్తది. మా ఇంట్ల ఫోనుతోటి మోటరు నడిపే, బంజేసే సెల్ స్టార్టర్ వచ్చింది, ఫోనేమో మా ఆయన జేబుల. బంజేయమని చెప్పుటానికి నేను ఇంటిదాక నడవాలె.

మునుగోడు రైతుబిడ్డ:
మా ఇంట్ల కలుపుకు పోయేది అమ్మ. ఈ ముచ్చట నాకు తట్టనే లే అక్కా. ఆటో డబ్బా తీసేసి సెల్ స్టార్టర్ పెట్టిస్త, అందుల మొదటి నంబరు ఆమెదే. పైపు పాతే రోజు పెదనాయిన్ని గూడ పిలుస్త.