ఫ్లానెల్ ముక్కల బొంతకి లోపల ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పూర్ణా మార్కెట్ దగ్గర. మా వీధి టైలర్ గారు పిల్లల నైట్ డ్రెస్సులు కుట్టగా మిగిలిన ఫ్లానెల్ ముక్కలు సంచెడు ఇచ్చారు. వాటితో బొంత కుట్టి, చలి ముదరకముందే లంబసింగి వైపు హాస్టల్లో ఉండే పిల్లలకి ఇవ్వాలని నా ఆశ. మనకి డిసెంబరులోనూ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, అక్కడ కొన్ని రోజులు తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

ఫ్లానెల్ మామూలు కాటన్ కన్నా ఎక్కువ కుంచించుకుపోతుందని ముక్కలన్నీ ముందే ఉతికి ఆరేశాను. అంచుల్లో పోగులు ఊడొస్తున్నాయి, అందుకే 6 అంగుళాల చదరాలు కోసి, చుట్టూ అర అంగుళం కుట్టుకి వదిలాను. 108 ముక్కలు కలిపితే 60 బై 45 అంగుళాలు వస్తుంది.

డౌటల్లా లోపలి పొర గురించే. మా అమ్మమ్మ పాత నేత చీరలు రెండు మడతలు వేసి, రెండు వేళ్ల దూరంలో వరసగా చేత్తో కుట్టేది. దూది పెడితే ఉతికాక ఉండలు కడుతుందేమోనని భయం. చీరలు సరిపోతాయా, పాలిస్టర్ షీట్ పెట్టాలా? ఉతుక్కునేది పిల్లలే, తడిస్తే మోయలేనంత బరువు కాకూడదు. ఇన్ని పొరలకి మెషిన్‌లో ఎన్నో నంబరు సూది వెయ్యాలి? కుట్టినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.