సలహా కేంద్రం అర్జీ రాసిచ్చి ఊరుకోవాలా, నిబంధన మార్చమని కూడా కొట్లాడాలా?

అలిపిరి_బాట:
పేదలకు ఉచితంగా అర్జీలు రాసిపెట్టే సంస్థలు పింఛన్ నిబంధనలే మార్చాలని ప్రచారానికి దిగడం తప్పని నా వాదన. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి, మంగళవారం అదే శాఖ మీద కరపత్రం వేస్తే అర్జీ పెట్టుకున్న ముసలావిడ ఫైలు కదులుతుందా? విదేశీ నిధులు తీసుకునే సంస్థకైతే అనుమతికే ఎసరు. అర్జీ రాయండి, రసీదు నంబరు తీసుకోండి, గడువు దాటితే వెంటపడండి. అది చాలు.

బంగారుపాళెం_తోట:
చాలదన్నా. కరెంటు షరతే చూడండి. పింఛన్ అర్హత తేల్చే ఆరంచెల పరిశీలనలో ఇంటి కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అనర్హత. తిరుపతిలో ఒకే మీటరు మీద మూడు వాటాలుండే ఇళ్లు ఎన్ని లేవు? బాడుగకుండే మనిషి ఆధార్ ఆ సర్వీసు నంబరుకు తగులుకుందంటే మూడిళ్ల వాడకమూ ఆ ఒక్కరి నెత్తినే పడుతుంది. విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర ఆ లంకె తీయించి మళ్లీ దరఖాస్తు పెడితే ఒకరికి పనవుతుంది. వచ్చే నెల పక్క వీధి నుంచి ఇంకొకరు అదే కాగితంతో వస్తారు. వాడకం లెక్క ఇచ్చేది తిరుపతిలోనే ప్రధాన కార్యాలయమున్న విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్, షరతు పెట్టేది వెలగపూడిలోని రాష్ట్ర సచివాలయం. వార్డు సచివాలయం అమ్మాయిని నిలదీసి ఏం లాభం? ఆమె తెర మీద కనబడేది "అనర్హులు" అన్న మాటే.

కపిలతీర్థం_మెట్లు:
అనుమతి భయం గురించి ఒక మాట. రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజాసమస్య మీద బంద్‌కో ధర్నాకో మద్దతిచ్చినంత మాత్రాన విదేశీ నిధులు ఆపకూడదని 2020 మార్చిలో ఇన్సాఫ్ (ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం) అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీ జెండా కింద నిలబడితే అది వేరే సంగతి.

బ్రిటన్‌లో 1939 నుంచి ఉన్న సిటిజన్స్ అడ్వైస్ సంస్థ సలహా ఇవ్వడంతోపాటు విధానాలు బాగుచేయించడమూ తన పనేనని రాసుకుంది. యూనివర్సల్ క్రెడిట్ అనే భృతికి మొదట్లో ఆరు వారాలు ఎదురుచూడాల్సి వచ్చేది, సహాయ ఫోనుకు నిమిషానికి 55 పెన్నీల దాకా పడేది. సలహాకొచ్చినవాళ్ల కేసులు కూర్చి ఒత్తిడి తెచ్చినవాళ్లలో ఈ సంస్థ ఉంది. 2017లో ఫోను ఉచితం చేస్తున్నట్టు ప్రకటించారు, 2018 ఫిబ్రవరి నుంచి నిరీక్షణలో ఒక వారం తగ్గింది.

అలిపిరి_బాట:
ఇన్సాఫ్ తీర్పు సంగతి ఒప్పుకుంటున్నా. కానీ పది కేసులు పట్టుకుని జిల్లా అంతా ఇంతే అంటే ఎవరు నమ్ముతారు? పని సాఫీగా అయినవాళ్లు మన గడప తొక్కరు కదా. పైగా ఆ ముసలావిడ ఫొటో వేస్తే రేపు ఊళ్లో ఆమె గతేంటి?

బంగారుపాళెం_తోట:
రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఫొటో, పేరు వద్దే వద్దు. అర్జీ కోసం పెట్టిన సంతకం ప్రచారానికి చెల్లదు. దానికి వేరే కాగితం మీద అడగాలి, కాదన్నా అర్జీ పని ఆగకూడదు.

రిజిస్టరులో మండలం, తిరస్కరించిన తేదీ, తెర మీద పడిన కారణం ఉన్నదున్నట్టు, మీటరు మీద ఎన్ని వాటాలో రాయాలి. పక్కన ఇంకో గడి: నిబంధన తప్పుగా అమలైందా, సరిగ్గా అమలైనందుకే నష్టమా? మొదటిది కలెక్టరు తీర్చగలరు, రెండోది వెలగపూడికే పోవాలి. ఈ రెండూ కలిపేసిన అర్జీ ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.

మొత్తం ఎందరన్నది సమాచార హక్కు కింద తెప్పించాలి. జిల్లా కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, మండలానికి 5, గ్రామంలో ఉచితం. పేర్లడిగితే వ్యక్తిగతమని తిప్పికొడతారు. "ఎందుకు తిరస్కరించారు" అని మనం అడిగితే అధికారి జవాబివ్వక్కర్లేదు. "ఫలానా నెలలో కరెంటు కారణంతో తిరస్కరించినవి మండలాలవారీగా ఎన్ని" అని రికార్డు అడగండి. 30 రోజుల్లో రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

కోరే మార్పు ఒక్క వాక్యంలో ఉండాలి: "ఉమ్మడి మీటరు వాడకాన్ని వాటాల సంఖ్యతో భాగించి లెక్కించండి." న్యాయం చేయండని మాత్రమే రాస్తే ఆ సెక్షన్లో ఎవరూ ఫైలు పెట్టలేరు.