లోయర్ చేసిన పోలోకి వీల్ స్పేసర్లు వేయించాలా, వద్దా?

పోలో_చీమకుర్తి:

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. నా బండి 2014 పోలో, 1.5 డీజిల్. రెండేళ్ల కిందట ఒంగోలులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నా జీతంతో కొన్న మొదటి కారు. ఆదివారం పొద్దున రెండు గంటలు దాని దగ్గరే ఉంటాను, ఇంట్లో ఎవరూ పిలవరు కూడా.

ఆరు నెలల కిందట లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. 35 మి.మీ. కిందికి దిగింది. పక్క నుంచి చూస్తే చాలా బాగుంది. వెనక నిలబడి చూస్తేనే మనసు ఒప్పడం లేదు. బాడీ దిగింది కానీ చక్రాలు లోపలికి ముడుచుకుపోయినట్టు ఉన్నాయి. కంపెనీ అల్లాయ్‌లే, లోపలి వైపు 6జె x 15, ఈటీ 40 (ఈ ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది) అని ఉంది. టైర్లు 185/60 ఆర్15.

ఫ్రెండ్ దగ్గర స్పేసర్ల (చక్రానికీ, అది బిగించే హబ్‌కీ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) సెట్టు ఉంది. ముందుకి 10 మి.మీ., వెనక్కి 15 మి.మీ. వాడు కారు అమ్మేశాడు, నన్ను తీసుకోమంటున్నాడు. పెట్టి చూస్తే చక్రం ఫెండర్‌తో సమంగా వచ్చేట్టే ఉంది.

నా భయం ఇది. రోజూ చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లి వస్తాను. ఈ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, గ్రానైట్ బండలు వేసుకున్న లారీలు తిరిగి తిరిగి తారు ఎక్కడికక్కడ కుంగిపోయి ఉంటుంది. పైగా నెలకో శనివారం ఇంటిల్లిపాదీ మాలకొండ వెళ్తాం. శనివారం తప్ప ఆ గుడి తెరవరు కాబట్టి అందరం ఒకే బండిలో సర్దుకోవాల్సిందే. ముందు నాన్న, వెనక అమ్మ, అక్క, బావ. పోయిన నెల పేర్నమిట్ట దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద వెనక సర్రుమని ఒక శబ్దం వచ్చింది. ఇంటికొచ్చి చక్రం పైన లోపలికి చెయ్యి పెట్టి తడిమితే అంతా మట్టి పేరుకుని ఉంది, ఒక్కచోట మాత్రం అరచేయంత మేర నున్నగా ఉంది.

స్పేసర్లు వేస్తే బేరింగులు పోతాయా? పోలీసులు పట్టుకుంటారా? వేయించుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.


నెల్లూరు_అలైన్‌మెంట్:

తమ్ముడూ, నాది నెల్లూరు మినీ బైపాస్‌లో అలైన్‌మెంట్ షాపు. పద్దెనిమిదేళ్ల నుంచి ఇదే పని. బేరింగ్ సంగతి తర్వాత. ముందు ఆ నున్నగా ఉన్న చోటు గురించి మాట్లాడాలి.

మట్టి లేని చోటే టైరు తగిలిన చోటు. స్పేసర్ లేకుండానే నీ చక్రం పైదాకా వస్తోంది. ఇప్పుడు అది ఫెండర్‌కి లోపలగా ఉంది కాబట్టి రాసుకుని ఊరుకుంది. 15 మి.మీ. బయటికి జరిపావనుకో, అంతే ఎత్తుకి లేచినప్పుడు టైరు భుజం (నేలకి ఆనే భాగానికీ గోడకీ మధ్య అంచు) మీదికి వచ్చేది ఫెండర్ రేకు అంచు. ఆ అంచు ఇంట్లో కత్తిపీట లాంటిది.

కాబట్టి ఖాళీ బండి చూసి ‘సమంగా వచ్చింది’ అనుకోకు. ఒక దారానికి నట్టు కట్టు. చక్రం నడిమికి సరిగ్గా పైన, ఫెండర్ అంచు నుంచి వేలాడదీయి. దారానికీ టైరు గోడ బాగా ఉబ్బిన చోటికీ మధ్య ఎన్ని మి.మీ. ఉందో స్కేలు పెట్టి చూడు. తర్వాత ఫెండర్ అంచు కింద వేలు పెట్టు. రేకు లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడత వెడల్పు కొలిచి, ఇందాకటి లెక్కలోంచి తీసెయ్. ఎక్కువ మంది మర్చిపోయేది ఈ మడతే. మిగిలింది కూడా పూర్తిగా నీది కాదు, బరువు పడితే టైరు గోడ ఇంకొంచెం ఉబ్బుతుంది, మలుపులో యాక్సిల్ బుష్షులు (దాన్ని బాడీకి పట్టి ఉంచే చోట రబ్బర్లు) కాస్త పక్కకి జరుగుతాయి.

అది అయ్యాక ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టు. ఒక వెనక చక్రాన్ని నాలుగంగుళాల మొద్దు మీదికి మెల్లగా ఎక్కించు. హ్యాండ్ బ్రేక్ లాగి, మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టు. అప్పుడు టైరు ఎంత పైకి పోయిందో చూడు. రెండో వైపు కూడా అలాగే చెయ్యి. రెండు వైపులా చూడటం మర్చిపోవద్దు.

ఇక బేరింగ్. స్పేసర్ వేస్తే బరువు పడే చోటు బేరింగ్‌కి దూరంగా జరుగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కానీ అది స్పేసర్ తప్పు మాత్రమే కాదు. నీ ఈటీ 40 అల్లాయ్‌కి 15 మి.మీ. స్పేసర్ వేసినా, అంతే వెడల్పులో ఈటీ 25 అల్లాయ్ కొన్నా బేరింగ్‌కి పడే భారం ఒకటే. ముందు చక్రాలకి ఇంకో సంగతి ఉంది. స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నుంచి టైరు బయటికి పోతుంది. ఒక చక్రం ఇసుకలో, ఒకటి తారు మీద ఉండగా బ్రేక్ తొక్కితే స్టీరింగ్ చేతిని లాగేస్తుంది. గాడులు పడిన రోడ్డు మీద బండి ఆ గాడి వెంటే పోవాలని చూస్తుంది. నీ రోడ్డు ఎలాంటిదో నువ్వే చెప్పావు. ముందుకి మాత్రం వద్దంటాను.

బోల్టుల గురించి ఇంకో మాట. మారుతి బండ్లలో హబ్‌కే స్టడ్లు (మర ఉన్న కడ్డీలు) ఉంటాయి, నట్టు బిగిస్తాం. పోలోకి అలా కాదు, బోల్టే హబ్‌లోకి పోతుంది. 15 మి.మీ. స్పేసర్ వేస్తే బోల్టు మర కూడా కంపెనీ బోల్టు కంటే 15 మి.మీ. ఎక్కువ పొడవుండాలి. పాత బోల్టులతో బిగిస్తే రెండు మూడు మరలే పట్టుకుంటాయి, చక్రం ఊడిపోతుంది. అలాగని మరీ పొడవువి వేస్తే నీ బండి వెనక డ్రమ్ములు కాబట్టి లోపల బ్రేక్ సామానుకి తగులుతాయి. కంపెనీ అల్లాయ్‌కి బోల్టు తల కింద గుండ్రంగా ఉండాలి, బయట దొరికేవి చాలావరకు కోసుగా ఉంటాయి. కోసు బోల్టు గుండ్రటి గుంటలో సరిగ్గా కూర్చోదు. మీ ఫ్రెండ్ సెట్టులో బోల్టులు ఎలాంటివి ఉన్నాయో చూశావా?


కావలి_స్విఫ్ట్:

బ్రదర్, నేను వేయించుకున్నవాణ్ని, తీయించుకున్నవాణ్ని కూడా. నాది స్విఫ్ట్. స్ప్రింగులు మార్చాక 20 మి.మీ. స్పేసర్లు నాలుగు చక్రాలకీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అన్ని బండ్లకీ సరిపోయేవని రాసి ఉంది. నాకు అప్పుడు తెలియంది ఏంటంటే, స్విఫ్ట్ హబ్ మధ్యలో బొడిపె 54.1 మి.మీ. ఉంటుంది. చక్రం దాని మీద కూర్చుంటేనే సరిగ్గా నడిమికి వస్తుంది. నాకొచ్చిన స్పేసర్ బొక్క దానికంటే బాగా పెద్దది. అంటే చక్రం బొడిపె మీద కాదు, నట్టుల మీదే వేలాడుతోంది. ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకు. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, వణుకు పోలేదు.

దానికైనా ఓర్చుకున్నాను కానీ, ఒంగోలులో పెళ్లికి ఐదుగురం వెళ్లి రాత్రి హైవే మీద తిరిగి వస్తున్నాం. టంగుటూరు టోల్ దాటాక ఒక వంతెన అతుకు మీద బండి లేచి పడింది. వెనక కుడి వైపు పటుక్కున శబ్దం. పక్కకి ఆపి ఫోన్ లైట్ వేసి చూశాను. టైరు భుజం మీద జానెడు పొడవున రబ్బరు చెరుకు చెక్కినట్టు లేచిపోయి, లోపలి దారాలు కనిపిస్తున్నాయి. మా చెల్లెలు ఆరు నెలల పాపతో వెనక సీట్లో ఉంది. ఆ రాత్రి నలభైలో కావలి చేరాం. దారి పొడవునా నేను ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడే నాలుగూ తీసేశాను. వేయించుకోవద్దని చెప్పను, మీ ఇష్టం. కానీ పోలోకి 57.1 బొడిపెకి సరిగ్గా పట్టేవి కాకపోతే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. 3, 5 మి.మీ. పలుచటి బిళ్లలు కూడా వద్దు. బొడిపెని అవే మింగేస్తాయి, చక్రానికి పట్టు మిగలదు.


గూడూరు_రాజా:

పోలీసుల గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఏ(4) వచ్చింది. రూల్స్ ఒప్పుకోని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. దారిలో ఆపేవాళ్లు స్పేసర్ చూడకపోవచ్చు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ చక్రం విప్పితే మాత్రం చూస్తాడు. స్ప్రింగుల సంగతి మీ ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పారా? ముందు అది చూసుకోండి.


పోలో_చీమకుర్తి:

అందరికీ థ్యాంక్స్. కావలి అన్నా, మీరు రాసింది మా అక్కకి చదివి వినిపించాను. ఆమె అడిగింది ఒక్కటే, ‘మనం మాలకొండ పోయేది ఈ బండిలోనే కదా’ అని.

నెల్లూరు అన్నా, మీరు చెప్పినట్టే ఆదివారం కొలిచాను. ఫ్రెండ్ సెట్టుతో ఉన్న బోల్టులు కోసు తలవే. అవి అప్పుడే పక్కన పెట్టేశాను. దారం వేలాడదీస్తే కుడి వైపు 21 మి.మీ., ఎడమ వైపు 19 వచ్చింది. మడత 11 మి.మీ. ఉంది. అంటే కుడికి మిగిలేది 10, ఎడమకి 8. పదిహేను ఎలా పడుతుంది? ఖాళీ బండి పక్కన నిలబడి కంటితో చూసి ఆరు నెలలుగా సరిపోతుందనే నమ్మాను.

తర్వాత నాన్నని ముందు, అమ్మనీ అక్కనీ బావనీ వెనక కూర్చోబెట్టి, మా ఫ్యాక్టరీలో బండల కింద పెట్టే మొద్దు తెచ్చి కుడి చక్రం ఎక్కించాను. టైరుకీ పై రేకుకీ మధ్య రెండు వేళ్లు పట్టాయి. ఎడమ చక్రం ఎక్కించాను. ఒక్క వేలు కూడా పట్టలేదు. సరిగ్గా ఆ నున్నటి చోటుకే టైరు ఆనుకుని ఉంది. అదే మొద్దు, అదే మనుషులు, అవే సీట్లు. రెండు వైపులకీ ఇంత తేడా ఎందుకు వచ్చింది? స్ప్రింగ్ విరిగిందా? టెన్షన్‌గా ఉంది.


నెల్లూరు_అలైన్‌మెంట్:

రెండు వైపులా చూడమన్నది ఇందుకే అబ్బయ్యా. స్ప్రింగ్ విరిగితే ఖాళీగా ఉన్నప్పుడే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. అది లేదంటే నా అనుమానం బంప్ స్టాపర్ మీద. వెనక షాక్ అబ్జార్బర్ రాడ్డుకి పైన ఒక మెత్తటి రబ్బరు లాంటి దిమ్మ ఉంటుంది. చక్రం మరీ పైకి రాకుండా చివర్లో ఆపేది అదే. లోయర్ చేసిన బండి ఆ దిమ్మకి దగ్గరగా ఉంటుంది, ప్రతి గుంటకీ దాని మీదే పడుతుంది. పదేళ్ల పాతది అయితే పిండి పిండి అయిపోతుంది. ఆ నల్ల ప్లాస్టిక్ తొడుగు పైకి జరిపి చూడు. పోయి ఉంటే రెండు వైపులా కొత్తవి వెయ్యి, ఒక్కదాన్ని మార్చొద్దు.

ఫెండర్ మడతని లోపలికి వంచేస్తే చోటు వస్తుందని ఎవరైనా చెప్తారు. వేడి చేసి జాగ్రత్తగా వంచినా పెయింటు పగిలే అవకాశం ఉంది. మనది సముద్రపు గాలి. పగులు పడితే రెండు వానాకాలాల్లో రేకు తినేస్తుంది.


పోలో_చీమకుర్తి:

అన్నా, మీరు చెప్పిందే నిజం. ఎడమ వైపు తొడుగు పైకి జరపగానే పసుపు రంగు పొడి, ముక్కలు నా చేతిలోకి రాలాయి. దిమ్మ అనేదే లేదు, రాడ్డు చుట్టూ ఒక చిన్న ఉంగరం మాత్రం మిగిలింది. కుడిది ఉంది కానీ నెర్రెలిచ్చింది. స్ప్రింగులు వేసినరోజు మెకానిక్ ఇవి విప్పి ఉంటాడు, నాకు చెప్పలేదు. అడగాలని నాకూ తెలియదు.

రెండూ కొత్తవి వేయించాను. మళ్లీ అదే మొద్దు మీద ఎక్కించి చూశాను, ఇప్పుడు ఎడమ వైపు కూడా రెండు వేళ్లు పడుతున్నాయి. టైరు భుజానికి చాక్‌పీస్ రుద్ది మొన్న శనివారం మాలకొండ వెళ్లి వచ్చాం. పేర్నమిట్ట స్పీడ్ బ్రేకర్ దగ్గర అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఏ శబ్దమూ రాలేదు. ఇంటికొచ్చి చెయ్యి పెట్టి చూస్తే పైన రేకుకి ఎక్కడా సుద్ద అంటలేదు.

స్పేసర్లు ఫ్రెండ్‌కి ఇచ్చేశాను. ఇన్సూరెన్స్ వాళ్లకి స్ప్రింగుల గురించి మెయిల్ పెట్టాను, జవాబు రావాలి. వెనక నుంచి చూస్తే చక్రాలు ఇంకా లోపలికే ఉన్నాయి, అది నాకు ఇప్పటికీ నచ్చడం లేదు. నెల్లూరు అన్నా, వచ్చే వారం మా బావ పని మీద అటు వస్తున్నాం. ముందు టైర్లు లోపలి అంచున ఎక్కువ అరుగుతున్నట్టు అనిపిస్తోంది. స్ప్రింగులు వేశాక నేను అలైన్‌మెంట్ చేయించనే లేదు. మీ షాపు మినీ బైపాస్‌లో ఎక్కడో చెప్తారా?


నెల్లూరు_అలైన్‌మెంట్:

మెసేజ్ పెట్టాను చూడు. పొద్దున పదిలోపు రా, ఎండెక్కితే రష్ ఉంటుంది. వచ్చేముందు నాలుగు టైర్లలో గాలి చూసుకో. బూట్‌లో బరువేమైనా ఉంటే తీసేయ్.