రిటైరైన లాయర్ ఇవ్వాల్సింది డబ్బా, టైమా?

పాతకోటు: మా సీనియర్ గారు నలభై ఏళ్ల ప్రాక్టీసు ముగించి ఈ మధ్యే ఆఫీసు మూసేశారు. సంపాదించిన దాంట్లో చాలావరకు ట్రస్టులో వేసి పిల్లల చదువులకు ఇస్తారట. డబ్బు ఇచ్చేవాళ్లు ఇంకా ఉంటారు సార్, మీలా బెయిల్ పిటిషన్ రాసేవాళ్లు దొరకరు, పేదవాళ్ల కేసులు ఊరికే చూసిపెట్టండి అన్నాను. ముఖం ముడుచుకున్నారు. నేనన్నదాంట్లో తప్పుందా?

మొండిబాకీ: ఉంది. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ ఇద్దరూ కలకత్తా లాయర్లే. వాళ్లు యూనివర్సిటీకి లక్షల్లో ఇస్తేనే 1914లో అక్కడ సైన్స్ కాలేజీ మొదలైంది. పాలిత్ పేరు మీద పెట్టిన ప్రొఫెసర్ పదవిలోకి 1917లో వచ్చింది ఎవరనుకున్నారు, సి.వి. రామన్, అదీ ఆర్థికశాఖలో సర్కారు ఉద్యోగం వదులుకుని. ఆ డబ్బు బదులు పాలిత్ ఇంకో వంద కేసులు ఫీజు లేకుండా వాదించి ఉంటే ఈరోజు మనం ఆయన పేరు ఎత్తేవాళ్లమా?

మూడోవాయిదా: పేరు ఎత్తడం కోసమేనా దానం? పైగా అందరు లాయర్ల దగ్గరా పాలిత్ అంత ఆస్తి ఉండదు. నేను లీగల్ ఎయిడ్‌లో పనిచేస్తాను, ఒక్కటి చెప్తా వినండి. దొంగతనం కేసు, గరిష్ఠ శిక్ష మూడేళ్లు, మనిషి మీద పాత శిక్షలు లేవు, వేరే కేసులూ లేవు. సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 479 సెక్షన్ ప్రకారం ఆ శిక్షలో మూడో వంతు, అంటే ఒక ఏడాది జైల్లో గడిపి ఉంటే బాండ్ మీద వదలాలి, జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలని కూడా అందులోనే ఉంది. ఎవరూ రాయలేదు. రిమాండ్ తేదీ చూసి నేను వేళ్ల మీద లెక్కేస్తే పద్నాలుగు నెలలు. దీనికి కావాల్సింది చెక్కు కాదండీ, ఒక పెన్నూ, ఆ సెక్షన్ తెలిసిన మనిషీ.

మొండిబాకీ: సరే, ఒప్పుకున్నా. కానీ ఆ పెద్దాయన సనద్, అదే ప్రాక్టీసు లైసెన్సు, వదిలేసి ఉంటే వకాల్తా వేయలేరు కదా, అప్పుడేం చేస్తారు? ఒక జూనియర్‌కు నెల నెలా జీతం ఇచ్చి ఆ లెక్కలేవో అతనితో చేయిస్తే మీ పద్నాలుగు నెలల మనుషులు ఇంకా ఎక్కువమంది బయటికొస్తారు.

వెనకబెంచీ: అసలు రిటైరయ్యేదాకా ఆగడం ఏంటి? అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో ప్రాక్టీసులో ఉండగానే ఏడాదికి 50 గంటలు ఉచితంగా చేయమని ఉంది, పైగా లీగల్ ఎయిడ్ సంస్థలకు డబ్బు కూడా ఇమ్మన్నారు. తప్పనిసరి కాదనుకోండి. నలభై ఏళ్లు ముక్కుపిండి ఫీజు లాగి చివర్లో ట్రస్ట్ పెడితే దాన్ని దానం అనాలా, వాపసు అనాలా అన్నది నా డౌటు.

పాతకోటు: అన్నా, ఆయన అలాంటి మనిషి కాదు, ఫీజు ఎగ్గొట్టినవాళ్ల ఫైళ్లే ఒక బీరువా నిండా ఉన్నాయి. మొండిబాకీ గారూ, జూనియర్ జీతం సంగతి బాగుంది, నాకు తట్టలేదు. సనద్ ఇంకా ఉందట, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. ఎందుకురా అడుగుతున్నావ్ అన్నారు. ఇక్కడ పంచాయితీ పెట్టానని మాత్రం చెప్పలేదు.