కొత్త లాప్‌టాప్ ఆన్ అవడానికి మూడు నిమిషాలు: వెనక్కి ఇచ్చేయాలా, సరిచేసుకోవాలా?

నందివర్ధనం:
అందరికీ నమస్కారం. ఈ లాప్‌టాప్ కొని 19 రోజులైంది. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్), విండోస్ 11. పవర్ బటన్ నొక్కి, పిన్ కొట్టి, బ్రౌజర్ తెరిచి పాఠం మొదలుపెట్టేసరికి దగ్గర దగ్గర మూడు నిమిషాలు పడుతోంది. నేను ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. ఉదయం 8 గంటలకల్లా పిల్లలు వచ్చి కూర్చుంటారు, నా స్క్రీన్ మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఏడేళ్ల నా పాత లాప్‌టాప్ ఇంతకంటే నయం. వెనక్కి ఇవ్వడానికి నాలుగు రోజులే గడువుంది. ఏం చేయమంటారు?

కొండగాలి:
విండోస్ మొత్తం తుడిచేసి మళ్లీ శుభ్రంగా ఎక్కించండి. కొత్త లాప్‌టాప్ కొనగానే నేను చేసే మొదటి పని అదే. కంపెనీవాళ్లు నింపి పంపిన చెత్తతో వాడితే ఏ లాప్‌టాప్ అయినా ఇంతే.

గడియారంముల్లు:
తొందరపడకండి నందివర్ధనం గారూ. ఆలస్యం ఎక్కడుందో తెలియకుండా తుడిచేయడం జ్వరం ఎంతుందో చూడకుండా మందు వేసినట్టే. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా ఎన్ని సెకన్లో చెప్పండి. బూట్ అంటే అదే. ఆ తర్వాత పట్టే సమయం బూట్ కిందకి రాదు.

ఉలిదెబ్బ:
ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ లేచే తీరు మార్చే సెట్టింగుల పెట్టె) బూట్ ట్యాబ్‌కి వెళ్లి ప్రాసెసర్ల సంఖ్య దగ్గర ఉన్న వాటిలో పెద్ద అంకె ఎంచుకోండి. నాకు పనిచేసింది.

గడియారంముల్లు:
ఉలిదెబ్బ గారూ, ఈ సలహా ఎన్నేళ్లుగానో తిరుగుతోంది. అది ప్రాసెసర్ల వాడకాన్ని పరిమితం చేసి పరీక్షించుకోవడానికి పెట్టిన సెట్టింగు. అక్కడ టిక్ లేకపోతే విండోస్ ప్రాసెసర్‌లోని అన్ని కోర్లనూ వాడుకుంటుంది. పెద్ద అంకె పెట్టినంత మాత్రాన వేగం పెరగదు, పొరపాటున చిన్న అంకె పెడితే ఉన్న వేగం కూడా పోతుంది.

నందివర్ధనం:
లాగిన్ స్క్రీన్ దాకా 23 సెకన్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను.

గడియారంముల్లు:
అయితే మీ బూట్ బాగానే ఉంది. వెనక్కి ఇవ్వాల్సిన పని లేదు.

కొండగాలి:
ఇదేం మాటండీ! ఆవిడ మూడు నిమిషాలు ఎదురుచూస్తున్నానంటుంటే బూట్ బాగానే ఉందంటారా? తలుపు తెరుచుకుంది కానీ లోపలికి అడుగుపెట్టనివ్వడం లేదంటే ఆ ఇల్లు తెరిచినట్టా?

గడియారంముల్లు:
నేను అడిగింది ఒక అంకె, వచ్చింది ఒక అంకె. ఆ 23 సెకన్లలో కంపెనీ ఫర్మ్‌వేర్ (బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాం) వాటా ఎంతో టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని పైన కుడిపక్కన ఉంటుంది. అదీ చూడండి. నెట్‌వర్క్ బూట్ (విండోస్‌ని డిస్క్‌లో కాక నెట్‌వర్క్‌లో వెతకడం) ముందు వరసలో ఉన్నా, బయటి డిస్క్ గుచ్చి ఉంచినా అక్కడే కొన్ని సెకన్లు పోతాయి.

చిరుగంట:
నాకూ ఇదే బాధ. గమనిస్తున్నాను.

నందివర్ధనం:
బయోస్ టైమ్ 9.4 సెకన్లు. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఇంకో వింత కనిపించింది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తాను, అయినా అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన సమయం) 19 రోజులని చూపిస్తోంది. లాప్‌టాప్ నిజంగా ఆగడం లేదా?

గడియారంముల్లు:
మంచి ప్రశ్న. అది ఫాస్ట్ స్టార్టప్ వల్ల. 2012లో విండోస్ 8తో వచ్చింది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి కానీ, విండోస్ లోపలి భాగం, అంటే కెర్నెల్, డ్రైవర్లు ఉన్న స్థితిని డిస్క్ మీద దాచిపెడుతుంది. పొద్దున దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. అందుకే ఆ లెక్క సున్నాకి రాదు. ఏదైనా డ్రైవర్ మొరాయిస్తుంటే ఆ మొరాయింపు కూడా దాంతోపాటే వస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ మొదటి నుంచి లేస్తాయి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగుతుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ కొలవండి.

కొండగాలి:
రీస్టార్ట్ చేస్తే చెత్త పోతుందా? మూడు నెలలు పనిచేసి ఆగిపోయే యాంటీవైరస్, కంపెనీ అప్‌డేటర్, కంపెనీ సపోర్ట్, కంపెనీ ఆఫర్లు. ఇవన్నీ ఆవిడ అడిగి పెట్టించుకున్నవా? నా మొన్నటి లాప్‌టాప్‌లో ఇలాంటివి 14 లెక్కపెట్టాను. ఒకటి తీసేస్తే రెండోది వచ్చి ‘మళ్లీ పెట్టమంటారా’ అని అడిగేది. సర్వీసువాళ్లకి ఫోన్ చేస్తే ‘అవి మీ సౌకర్యం కోసమే సార్’ అన్నారు. డబ్బు పెట్టి కొన్నది నేను, లోపల ఏముండాలో నిర్ణయించేది వాళ్లు. ఆ రోజే తుడిచేశాను. ఇప్పుడు 10 సెకన్లలో పనికి వస్తుంది.

గడియారంముల్లు:
మీ లాప్‌టాప్‌లో జరిగింది ఆవిడ లాప్‌టాప్‌లోనూ జరిగిందని ఎలా చెబుతారు? ఆధారం చూపించండి.

కొండగాలి:
మీకు ఎంతసేపూ ఆధారం, అంకెలు. మనిషి ఇబ్బంది కనిపించదు.

నందివర్ధనం:
ఇద్దరికీ దండం. రీస్టార్ట్ చేశాను. పెద్ద తేడా లేదు, అదే రెండు నిమిషాల పైచిలుకు. నిజం చెప్పాలంటే ఈ చర్చ చూస్తుంటే నాకే టెన్షన్ వస్తోంది. బూట్ అంటే ఏమిటో మీరు తేల్చుకునేలోపు నా గడువు అయిపోతుంది. పొద్దున ఒక పిల్లాడు ‘టీచర్, మమ్మల్ని పాత వీడియో చూసుకోమంటారా’ అన్నాడు. నాకు అది చాలా బాధగా అనిపించింది.

వానచుక్క:
నందివర్ధనం గారూ, ఈ కొలతల గొడవ విండోసే తీర్చేస్తుంది. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) తెరిచి అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ దాకా వెళ్లండి. అందులో 100 నంబరు ఈవెంట్ వివరాల్లో రెండు సమయాలు మిల్లీసెకన్లలో ఉంటాయి. మెయిన్ పాత్ బూట్ టైమ్ అంటే డెస్క్‌టాప్ వచ్చేదాకా. పోస్ట్ బూట్ టైమ్ అంటే ఆ తర్వాత హడావుడి సద్దుమణిగేదాకా. రెండూ బూట్ కిందే రాస్తారు.

నందివర్ధనం:
దొరికింది. మెయిన్ పాత్ 14,210. పోస్ట్ బూట్ 1,38,600.

వానచుక్క:
అంటే 14 సెకన్లు, 138 సెకన్లు. జబ్బు రెండోదాంట్లో ఉంది. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ప్రభావం దగ్గర ‘హై’ అని ఉన్నవి ఏవి?

నందివర్ధనం:
ట్రయల్ యాంటీవైరస్, కంపెనీ అప్‌డేటర్, వన్‌డ్రైవ్ (ఫైళ్లని మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి ఎక్కించేది), మీటింగ్ యాప్. పాత లాప్‌టాప్ నుంచి 90 జీబీ పాఠాల వీడియోలు డాక్యుమెంట్స్‌లో పెట్టాను. వన్‌డ్రైవ్ వాటిని ఇంకా ఎక్కిస్తూనే ఉంది.

కొండగాలి:
చూశారా! చెత్తే అని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను.

గడియారంముల్లు:
సగమే చెత్త. ‘హై’ అని రాయడానికి ఒక సెకను కంటే ఎక్కువ సీపీయూ సమయమో, 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్క్ పనో చేస్తే చాలు, అదొక్కటే చూసి దేన్నీ దోషి అనలేం. ఆ 90 జీబీ ఆవిడ పెట్టుకున్నవే. తుడిచేసి మళ్లీ ఎక్కించి, మళ్లీ అదే ఫోల్డర్‌లో పెడితే మళ్లీ ఇదే కథ. పైగా కొత్త ఫైళ్లన్నిటికీ సెర్చ్ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి విండోస్ తయారుచేసుకునే పట్టిక) తయారవుతూ ఉంటుంది.

నందివర్ధనం:
అంటే తప్పు నాదా? నా పాఠాలు నా లాప్‌టాప్‌లో పెట్టుకోవడం తప్పా? అవి క్లౌడ్‌కి ఎక్కుతాయని నన్ను ఎవరూ అడగలేదు.

గడియారంముల్లు:
క్షమించండి. తప్పని అనలేదు. నా మాట అలా వినిపించింది.

కొండగాలి:
మీ మాట ఎప్పుడూ అలాగే వినిపిస్తుంది. తుడిచేయమంటే మీకు అంత కోపం ఎందుకో చెప్పండి ముందు.

గడియారంముల్లు:
చెబుతాను. మూడేళ్ల కిందట నా లాప్‌టాప్ కూడా నెమ్మదిగా ఉందని ఒకచోట అడిగితే, మీలాగే ఒకాయన బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రాముల్నే లేవనిచ్చే రక్షణ) తీసేసి విండోస్ మళ్లీ ఎక్కించమన్నారు. ఆ సెట్టింగు మార్చి, ఫైళ్లు కాపీ చేసుకుందామని ఆన్ చేస్తే 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందని, అంటే ఆ కీ లేకుండా తెరవలేని తాళం పడి ఉందని నాకు తెలియదు. మొదటి రోజు సెటప్ చేసినాయన తన ఖాతాతో సైన్ ఇన్ చేశాడు, కీ అందులో ఉండిపోయింది. ఆయన దొరకలేదు. రెండేళ్లు రాసుకున్న పరిశోధన నోట్సు పోయింది. సలహా ఇచ్చినాయన ‘బ్యాకప్ ఉండాలి కదా’ అని ఒక్క లైను రాసి వెళ్లిపోయాడు. అందుకే తెలియనివాళ్లకి తుడిచేయమని ఎవరు చెప్పినా ఊరుకోలేను.

కొండగాలి:
ఈ ముక్క ముందే చెప్పి ఉండాల్సింది. మీ నోట్సు పోవడం అన్యాయం. తుడిచే ముందు రికవరీ కీ చూసుకోమని నేను రాయలేదు, అది నా పొరపాటే. కానీ నా మాట కూడా వినండి. కొత్త వస్తువు కొన్నవాళ్లు ఈవెంట్ వ్యూయర్ తెరవాల్సిన అవసరం ఎందుకు రావాలి? మీరు నేర్పిస్తున్నది సర్దుకుపోవడం. నాకు దానిమీదే కోపం.

గడియారంముల్లు:
ఆ కోపం నాకూ ఉంది. కానీ ఆవిడకి రేపు పొద్దున 8 గంటలకి క్లాసుంది. కంపెనీలు మారేదాకా ఆవిడ ఆగలేదు కదా.

పాలపుంత:
నేనైతే వెనక్కి ఇచ్చేస్తాను. సరిచేసుకోవడం కొన్నవాళ్ల పని కాదు.

వానచుక్క:
ఇచ్చేసి అదే మోడల్ తెచ్చుకుంటే అదే యాంటీవైరస్ వస్తుంది పాలపుంత గారూ. నందివర్ధనం గారూ, ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. ట్రయల్ యాంటీవైరస్‌ని సెట్టింగ్స్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తానే పని అందుకుంటుంది. అప్‌డేటర్, మీటింగ్ యాప్ స్టార్టప్‌లో ఆపేయండి. వన్‌డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ బ్యాకప్ ఆపి, వీడియోలు వేరే ఫోల్డర్‌లోకి, ఇంకో కాపీ బయటి డిస్క్‌లోకి. ఇవేవీ తుడిచేసే పనులు కావు.

నందివర్ధనం:
కీ దొరికింది, రాసుకున్నాను. మీరు చెప్పినవన్నీ చేసి రీస్టార్ట్ చేశాను. పోస్ట్ బూట్ 38,900. కొండగాలి గారూ, అప్‌డేటర్ మళ్లీ దానంతట అదే స్టార్టప్‌లోకి వచ్చి కూర్చుంది. మీ కోపం ఇప్పుడు అర్థమైంది. లాప్‌టాప్ ఉంచుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. రేపు క్లాసుకి ముందు ఇంకోసారి కొలిచి ఇక్కడే రాస్తాను.

కొండగాలి:
విండోస్ సర్వీసెస్‌లో (తెరవెనక నడిచే ప్రోగ్రాముల జాబితాలో) ఆ అప్‌డేటర్ పేరుతో ఇంకోటి ఉంటుంది, చూడండి. పేరు ఇక్కడ రాయండి, దాన్ని ఎలా ఆపాలో చెబుతాను. తుడిచేయమనను.