బయటి దేశంలో ఏడాది పైన ఉండి వచ్చా, చెప్పడానికి ఒక్క ముక్క లేదు. మీరంతా బయటి దేశాల్లో ఎట్లా గడిపారు?

మల్కాజ్‌గిరి_పిల్ల

హాయ్ అండి. చాలా రోజుల్నుంచి చదువుతున్నా కానీ రాయడం ఇదే ఫస్ట్ టైమ్, పెద్దగా అయితే ఏమనుకోవద్దు. నేను జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో జాబ్ చేస్తున్నా, వెళ్ళి 14 నెలలైంది. మూడు వారాల లీవ్‌లో ఇంటికొచ్చా, వచ్చే శనివారం రిటర్న్.

మొన్న పక్కింటి ఆంటీ వచ్చి కూర్చున్నారు. అమ్మ చాయ్ పెడుతోంది. "ఏమ్మా, ఏడాది పైనే ఉండొచ్చావు, ఎట్లుంటది అక్కడ, ఏమేం చూశావు" అన్నారు. చలి ఎక్కువ ఆంటీ అన్నా. రెంట్లు ఎక్కువ అన్నా. ఆదివారం షాపులన్నీ బంద్ ఉంటాయి, పాల ప్యాకెట్ కూడా శనివారమే తెచ్చుకోవాలి అన్నా. అక్కడితో ఆగిపోయా. ఆంటీ ఇంకేదో చెప్తానని నా మొహం చూస్తూనే ఉన్నారు, అమ్మ కూడా చాయ్ గిన్నె పట్టకారుతో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చివరికి ఆంటీయే వాళ్ళ కోడలు టెక్సాస్‌లో కొన్న కారు గురించి చెప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజంగానే నేనేం చూశా? ఆఫీసు, రూమ్, శనివారం ఇండియన్ షాప్‌లో సోనామసూరి బస్తా మోసుకురావడం, ఆదివారం పొద్దంతా ఇంటికి వీడియో కాల్. ఈస్టర్ సెలవుల్లో ఫ్రెండ్స్‌తో 6 రోజుల్లో 4 దేశాలు తిరిగొచ్చాం, ఫోన్‌లో 900 ఫోటోలున్నాయి, ఒక్కటి కూడా తెరవబుద్ధి కాదు. పైగా మా బిల్డింగ్‌లో మెట్లు ఊడ్చే వంతు ఒకటి, తలుపుకి బోర్డు తగిలిస్తారు, ఆ వారం డ్యూటీ మనది. నేను ఊడ్చి లోపలికి రాగానే కింది ఫ్లోర్ బామ్మగారు వచ్చి మెట్ల మూలల్లో చూసుకుంటారు. ఎమ్మెస్ చేసింది ఇందుకేనా అనిపిస్తది.

చిన్న చిన్న ఆనందాలు అంటుంటారు కదా అందరూ, అవి ఎక్కడ మొదలవుతాయో అర్థం కావట్లేదు. లోన్ ఇంకా ఉంది కాబట్టి పెద్ద టూర్లు కుదరవు. మీకు ఏది పనిచేసిందో చెప్పండి ప్లీజ్.

నిజాంపేట్_రిటర్న్

అక్కా, 6 రోజుల్లో 4 దేశాలు చదివి నవ్వాపుకోలేకపోయా, మనదీ అదే బ్యాచ్. 2016 నుంచి 2020 దాకా నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్‌లో ఉన్నాం, ఇప్పుడు నిజాంపేట్. కొత్తలో రెసిడెన్స్ పర్మిట్ ఉంది, వీసా గొడవ లేదు కదా అని పారిస్, స్విస్, రోమ్ అన్నీ చుట్టేశాం. ఐఫిల్ టవర్ అంటే ఇప్పుడు నాకు గుర్తున్నది బాబుకి అర్జెంట్ అయితే టాయిలెట్ కోసం పరిగెత్తడం ఒక్కటే.

కానీ 2018 ఏప్రిల్ 27 మాత్రం గంట గంటా గుర్తుంది. ఆ రోజు వాళ్ళ రాజు పుట్టినరోజు, ఊరు ఊరంతా ఆరెంజ్ బట్టలేసుకుని రోడ్డెక్కుతారు. ఎవరైనా సరే ఇంట్లో పాత సామాన్లు తెచ్చి ఫుట్‌పాత్ మీద పెట్టి అమ్ముకోవచ్చు, ఉట్రెక్ట్‌లో అయితే ముందు రోజు సాయంత్రం 6 నుంచే షురూ. దానికి ముందే జనాలు చాక్‌పీస్‌తోనో టేపుతోనో నేల మీద డబ్బా గీసి లోపల 'బెజెట్' అని రాసిపెట్టుకుంటారు, అంటే ఈ చోటు మాది అని. మనోళ్ళు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరినట్టు, డిట్టో. అది చూశాక నాకు ఆ దేశం మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

నేనూ ఒక డబ్బా గీశా. దుప్పటి పరిచి విజిల్ పోయిన కుక్కర్, మా ఆవిడ వాడని రెండు చున్నీలు, ఆరు స్టీల్ గ్లాసులు పెట్టి కూర్చున్నా, మా ఆవిడేమో పరువు పోతదని ఎదురు చెట్టు కింద నిలబడింది, నేనెవరో తెలీనట్టు. ఎనిమిదేళ్ళ పిల్లోడు ఒకడు వచ్చి గ్లాసు తీసి చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. టంగ్‌మంది. ఇంకో గ్లాసు తీసి కొట్టాడు. ఆరూ కొట్టి ఒకటి ఏరుకున్నాడు. 1 యూరో అన్నా. 50 సెంట్లు అన్నాడు. నేను ఎర్రగడ్డ సంతలో బేరాలాడి పెరిగినోణ్ణి, వాడు నన్ను 60కి దించాడు! మా ఆవిడ చెట్టు కింద నుంచి నవ్వుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది, ఇక సాయంత్రం దాకా లేవలేదు. మొత్తం 11 యూరోలొచ్చాయి, అందులో 7 కాఫీలకే పోయాయి.

వాళ్ళ పండగ రోజు పక్కన నిలబడి ఫోటోలు తియ్యకుండా నువ్వూ ఓ దుప్పటి పరిచెయ్ అక్కా. జర్మనీలో కూడా ఇట్లాంటి పాత సామాన్ల సంతలుంటాయి, ఫ్లోమార్క్ట్ అంటారు.

మెట్ల_మనిషి

చెల్లీ, నేను స్టుట్‌గార్ట్‌లోనే, ఐదేళ్ళైంది, మనది బోయిన్‌పల్లి. నీ మెట్ల వంతు గురించి ముందు చెప్తా ఎందుకంటే ఇక్కడికొచ్చిన ప్రతి మనోడూ ఫస్ట్ ఏడ్చేది దాని గురించే. దాన్ని కేర్‌వోఖె అంటారు, ఊడ్చే వారం అని అర్థం. ఈ స్వాబియా (మన స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ప్రాంతం) వాళ్ళ ప్రత్యేకత, 15వ శతాబ్దం చివర్నుంచి ఉన్న అలవాటు, మిగతా జర్మన్లు కూడా దీని మీద జోకులేస్తారు. చిన్న వంతు అంటే నీ ఫ్లోర్ మెట్లు, పెద్ద వంతు అంటే బయట ఫుట్‌పాత్, సెల్లార్ అన్నీ. బామ్మ నిన్ను చెక్ చేస్తోందని బాధపడకు, వాళ్ళకది వాకిలి లాంటిది. మనింట్లో కొత్త కోడలు ముగ్గేస్తే నాయనమ్మ వచ్చి వంకర ఉందా అని చూడదా ఏంటి? ఈసారి ఊడ్చేటప్పుడు ఆమె బయటికి రాగానే నువ్వే ముందు 'గ్రూస్ గాట్' అను, హలో అనకు. ఇక్కడి పాత తరం పలకరింపు అదే, మన పెద్దోళ్ళు రామ్ రామ్ అన్నట్టు. తర్వాత ఏమైతదో చూడు.

ఇంక ఊరి సంగతి. నువ్వు ఉండేది గిన్నె లాంటి ఊరు, చుట్టూ కొండలు, మధ్యలో సిటీ. కొండల మీద ఇళ్ళకి పోడానికి మెట్ల దారులుంటాయి, ష్టెఫెలె అంటారు, 400 పైనే ఉన్నాయి. ఒకప్పుడు ఆ వాలులన్నీ ద్రాక్ష తోటలు, ఇప్పటికీ ఊరి మధ్యలోనే కొన్ని తోటలున్నాయి. నేను రెండేళ్ళుగా ఆదివారం ఒక్కో మెట్ల దారి ఎక్కుతున్నా, నా యూజర్ నేమ్ అందుకే. పైసా ఖర్చు లేదు. షాపులన్నీ బంద్ ఉంటాయి కాబట్టి ఎక్కడా చప్పుడుండదు, కిటికీల్లోంచి ఆదివారం వంట వాసన, ఒకింట్లో ఎవరో పియానో నేర్చుకుంటూ అదే తప్పు మళ్ళీ మళ్ళీ వాయిస్తుంటారు, నాకిప్పుడు ఆ తప్పు కూడా కంఠతా వచ్చింది.

మరియెన్‌ప్లాట్జ్ నుంచి డెగర్‌లోఖ్ కొండెక్కే పళ్ళ చక్రాల రైలు ఎక్కావా? 1884 నుంచి నడుస్తోంది, ముందు సైకిళ్ళ కోసం ఒక చిన్న బండి తగిలిస్తారు. నీ దగ్గర డాయిష్‌లాండ్ టికెట్, అదే దేశమంతా లోకల్ రైళ్ళకీ బస్సులకీ చెల్లే నెల పాస్, ఉంటే (2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 నుంచి 63, అదో బాధ) ఇదీ దాంట్లోనే. సిటీ లైబ్రరీకైతే తప్పకుండా పో, 2011లో కట్టిన తెల్లటి డబ్బా బిల్డింగ్, నాలుగు గోడల మీద నాలుగు భాషల్లో లైబ్రరీ అని రాసుంటది, జర్మన్, ఇంగ్లీష్, అరబిక్, కొరియన్. కట్టినాయన కొరియాలో పుట్టినాయన లెండి. ఐదో గోడ ఉంటే తెలుగు అడిగేవాణ్ణి.

పేరు_వద్దు_భయ్యా

అందరూ భలే చెప్తున్నరు గానీ ఒక మాట. లోన్ ఉన్నప్పుడు ద్రాక్ష తోటలు గీట్ల తోటలు కండ్లకు ఆనవు. నేను ఐర్లాండ్‌ల మాస్టర్స్ చేసిన, మొదటి చలికాలం నాలుగున్నరకే చీకటి, రూమ్‌ల నలుగురం, ఒక్కడు కూడా మాట్లాడేటోడు కాదు, ఎవని ఫోన్ వానిదే. అప్పుడు ఎవరన్న వచ్చి నాకు ఆనందంగ ఉండుమంటే కొట్టేటోణ్ణి. అది కూడా ఒక హోంవర్క్ లెక్క అయితది. చెల్లె, నీకు నిద్ర పట్టకపోవుడు, తినబుద్ధి గాకపోవుడు వారాల తరబడి ఉంటే డాక్టర్‌కు చెప్పు, సిగ్గుపడకు. గంతే. లేదు ఊకె బోర్ అంటే పైనోళ్ళు చెప్పింది చెయ్యి.

నాకైతే ఒకటే పని చేసింది, బస్ దిగేటప్పుడు డ్రైవర్‌కు థ్యాంక్యూ చెప్పుడు. ఆడ అందరు చెప్తరు, ముసలోళ్ళు, పోరగాళ్ళు అందరు. ఒక్కోరోజు నేను నోరు తెరిచి మాట్లాడిన మాట గదొక్కటే ఉండె. హైదరాబాద్ వచ్చినంక మెహదీపట్నంల సిటీ బస్ దిగుతు అలవాటుల చెప్తే కండక్టర్ నా దిక్కు చూసి "ఏమన్న మర్చిపోయినవా తమ్మీ" అన్నడు.

పార్క్_అంకుల్

అమ్మా మల్కాజ్‌గిరి పిల్లా, నేను ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, నాకు 67. మీలాగా సంపాదనకి కాదు గానీ రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి జపాన్ వెళ్ళి 80 రోజులున్నాను, టోక్యోలో నిషి కసాయ్ అని మన ఇండియా వాళ్ళు ఎక్కువ ఉండే చోటు. అమ్మాయి, అల్లుడు పొద్దున పోతే రాత్రికి గాని రారు. భాష రాదు. మొదటి పది రోజులు బాల్కనీలో కూర్చుని ఎదురింటి బాల్కనీలో ఆరేసిన బట్టలు లెక్కపెట్టాను, ఉన్నమాట చెప్తున్నా.

సాయంత్రం 5 అయ్యేసరికి వీధి స్తంభాల మీది మైకుల్లోంచి ఒక పాట వచ్చేది. ఏదో గుడి పాట అనుకున్నాను. తర్వాత అల్లుడు చెప్పాడు, భూకంపం అదీ వస్తే హెచ్చరించే మైకులట, పనిచేస్తున్నాయో లేదో రోజూ అలా చూసుకుంటారట, పిల్లలు అది విని ఆటలాపి ఇంటికి పోతారట. ఆ రోజు నుంచి ఆ పాట రాగానే నేనూ స్టవ్ మీద టీ పెట్టేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే పార్కుకి పోతే నా ఈడు వాళ్ళు పాతిక మంది దాకా వరుసల్లో నిలబడి ఉన్నారు, మధ్యలో బెంచీ మీద చిన్న రేడియో. సరిగ్గా 6:30కి పియానో మొదలైంది, అందరూ చేతులు పైకెత్తారు. రేడియో తైసో అంటారు, 1928లో మొదలైన రేడియో కసరత్తు, ఇప్పటికీ రోజూ వస్తుంది. నేను దూరంగా చెట్టు దగ్గర నిలబడి చూస్తుంటే ఒక పెద్దాయన ఏమీ అనకుండా పక్కకి ఒక అడుగు జరిగాడు. అంతే. నా కోసం చోటిచ్చాడని అర్థమవడానికి రెండు నిమిషాలు పట్టింది. మిగిలిన రోజులన్నీ వెళ్ళాను, ఒక్క మాట మాట్లాడుకోలేదు, వంగి దండం పెట్టుకునేవాళ్ళం. వచ్చే ముందు రోజు అమ్మాయి చేత 'రేపు ఇండియా పోతున్నాను' అని కాగితం మీద రాయించుకుని చూపించాను. ఆ పెద్దాయన జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు.

ఇప్పుడు నాగోల్‌లో మా కాలనీ పార్కులో ఫోన్‌లో ఆ పియానో పెట్టి చేస్తున్నాను. మొదట్లో వాకింగ్ వాళ్ళు నవ్వారు. ఇప్పుడు నలుగురం అయ్యాం.

మల్కాజ్‌గిరి_పిల్ల

అందరికీ చాలా థ్యాంక్స్, అంకుల్‌ది చదివి ఏడ్చేశా. పేరు వద్దు భయ్యా, మీరన్నది కూడా గుర్తుపెట్టుకుంటా, ప్రస్తుతానికి బోరే అనుకుంటున్నా.

ఇక్కడ ఒకటి జరిగింది, చెప్పాలి. మెట్ల మనిషి అన్న రాసిన కేర్‌వోఖె సంగతి పొద్దున అమ్మకి చదివి వినిపిస్తుంటే బామ్మగారి గురించి ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన డిసెంబర్‌లో ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి నా తలుపు ముందు నీలం పువ్వుల ప్లేటు నిండా బిస్కెట్లు, చంద్రవంకల్లా ఉన్నవి కొన్ని, నక్షత్రాల్లా ఉన్నవి కొన్ని, పైన పేపర్ నాప్కిన్ కప్పి. ఆమే పెట్టారు. నేను తిని, ప్లేటు కడిగి, ఏం మాట్లాడాలో తెలీక రాత్రి పూట చప్పుడు కాకుండా వాళ్ళ తలుపు దగ్గర పెట్టి వచ్చేశా. ఇది చెప్పానో లేదో అమ్మ చేతిలో పని ఆపేసి "ఖాళీ ప్లేటు ఇచ్చావా?" అంది. నేను మాట్లాడలేదు. "మనింటికి వచ్చిన గిన్నె ఎప్పుడన్నా ఖాళీగా పంపానా నేను? చక్కెరన్నా వేసి పంపుతా కదే, ఆవిడ ఏమనుకుని ఉంటుంది" అని గంట తిట్టింది. ఆదివారం కాల్‌లో ఇంతసేపు మాట్లాడుకుంటాం కదా, ఇది ఎప్పుడూ ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. పక్కింటి ఆంటీకి కూడా అమ్మే వెళ్ళి చెప్పొచ్చింది, ఆ ఆంటీ కూడా వచ్చి తిట్టింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసి బామ్మగారికి ఏం పంపాలో డిసైడ్ చేస్తున్నారు. ఆంటీ సకినాలంటున్నారు, ఆ వయసు పళ్ళకి నలగవేమో అని నా డౌట్. అమ్మ నేతి సున్నుండలు అంటోంది. ఏది బెటర్?

మెట్ల_మనిషి

నెయ్యి, కోవా ఏవీ వద్దు చెల్లీ. బయటి దేశాల నుంచి పాల వస్తువులు, మాంసం లగేజ్‌లో ఈయూలోకి తేకూడదు, పట్టుకుంటే చెత్తబుట్టలో పడేస్తారు, పాపం అమ్మ కష్టం.

పార్క్_అంకుల్

అరిసెలు చేయించమ్మా. నూనెలో వేయించినవి, మెత్తగా ఉంటాయి, వారం దాటినా ఏమీ కావు. నువ్వులద్దమను.

మల్కాజ్‌గిరి_పిల్ల

అమ్మ బియ్యం నానబోసింది.